పేదరికం, అసమానతలు, అంతర్జాతీయ అభివృద్ధిపై పీజీ: బెంగళూరులోని తెలుగు విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా దరఖాస్తుల కాలం వచ్చేసరికి బెంగళూరులో ఉంటున్న తెలుగు విద్యార్థులు, కొన్నిసార్లు వారి తల్లిదండ్రులు, ఈ చదువు గురించి నన్ను అడుగుతూ ఉంటారు. మాది అనంతపురం జిల్లా. ఈ నగరంలోనే అభివృద్ధి అధ్యయనాలలో ఎం.ఏ. చేసి, ఆ తరువాత గ్రామ సర్వేలలో పని చేస్తూ వచ్చాను. మళ్లీ మళ్లీ ఎదురయ్యే ప్రశ్నలను, ఫోనులో తీరికగా చెప్పలేకపోయిన జవాబులతో సహా, ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ఈ చదువులో అసలు ఏమి నేర్పుతారు?

కొందరు ఎందుకు పేదవారుగా ఉన్నారు, ఆ పేదరికం ఒక తరం నుంచి మరొక తరానికి ఎలా సంక్రమిస్తుంది, ప్రభుత్వాలూ మార్కెట్లూ ప్రజా ఉద్యమాలూ దానిని ఎక్కడ తగ్గించగలిగాయి, ఎక్కడ తగ్గించలేకపోయాయి అన్న ప్రశ్నలే దీనికి మూలం. వీటికి అర్థశాస్త్రం ఒక్కటే జవాబు చెప్పలేదు కాబట్టి చరిత్ర, సమాజశాస్త్రం, రాజనీతిశాస్త్రం, గణాంకశాస్త్రం కలిపి బోధిస్తారు.

ఒక ఉదాహరణ చెబితే పద్ధతి అర్థమవుతుంది. 1943 నాటి బెంగాల్ కరువులో లక్షలాది మంది చనిపోయారు. తిండిగింజలు లేకపోవడమే కారణమని చాలాకాలం అనుకున్నారు. ఆర్థికవేత్త అమర్త్య సేన్ ఆనాటి లెక్కలను తిరిగి పరిశీలించి, 1941లో ధాన్యం సరఫరా అంతకంటే తక్కువగా ఉన్నా ఆ ఏడు కరువు రాలేదని, 1943లో యుద్ధకాలపు ధరలు పెరిగి వ్యవసాయ కూలీలు, జాలరులు, చేతివృత్తులవారు తమ సంపాదనతో గింజలు కొనుక్కోలేని స్థితికి చేరారని చూపించారు. గాదెలో ధాన్యం ఉన్నంత మాత్రాన అది కూలివాని కంచంలోకి చేరదు. ఏ హక్కుతో, ఏ సంపాదనతో చేరుతుందో వెతకాలి. ఆ వాదంతో విభేదించిన పండితులూ ఉన్నారు. వారినీ చదివిస్తారు, ఇద్దరిలో ఎవరి లెక్క నిలబడుతుందో మిమ్మల్నే తేల్చమంటారు.

ఎం.ఎస్.డబ్ల్యూ., ఎం.ఏ. ఎకనామిక్స్‌తో దీనికి తేడా ఏమిటి?

ఎం.ఎస్.డబ్ల్యూ. (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) మనుషులతో నేరుగా పనిచేసే వృత్తి శిక్షణ. కౌన్సెలింగ్, కేసు పని, సమూహాలతో పని అందులో ప్రధానం. ఎకనామిక్స్‌లో సిద్ధాంతం, గణితం ముందు వరుసలో ఉంటాయి. అభివృద్ధి అధ్యయనాలు ఈ రెండింటికీ మధ్య నిలుస్తాయి. గణితంపై నిజమైన మక్కువ ఉన్నవారు ఎకనామిక్స్ తీసుకుని పేదరికంపై ప్రత్యేకించి పనిచేయడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే తరువాత గణితం వదిలి ఇటు రావడం సులభం, ఇక్కడి నుంచి అటు వెళ్లడం కష్టం.

పేదరికాన్ని కొలవడం గురించే ఒక సెమిస్టరు చెబుతారట. అంత చర్చ దేనికి?

నిజమే, చెబుతారు. చెప్పవలసిందే కూడా. పేదరికపు గీత, అంటే దారిద్ర్య రేఖ, ఎక్కడ గీస్తామన్న దానిపై కోట్ల మంది లెక్కలోకి వస్తారు, లేదా లెక్కలోంచి జారిపోతారు.

రాయలసీమలో పెద్దవాళ్లు ధాత కరువు అని చెప్పే 1876–78 కాలానికి వెళదాం. కడప, కర్నూలు, బళ్లారి ప్రాంతాలు మాడిపోయాయి. మైసూరు రాజ్యం కూడా తీవ్రంగా నష్టపోయింది. కరువు పనులకు వచ్చినవారికి ఎంత కూలి ఇవ్వాలన్న ప్రశ్నకు, వైస్రాయి పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో రోజుకు ఒక పౌను ధాన్యానికి సరిపడే కూలిని, దానిపై కొద్దిపాటి చిల్లరను నిర్ణయించాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. బరువు పనిచేసే మనిషి దానితో బతకలేడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ లెక్కలతో సహా ఎదిరించాడు. మనిషికి కనీసం ఎంత కావాలన్న వాదం మన నేలమీద ఆనాడే ప్రాణాల మీదికి వచ్చిన వాదం. క్లాసులో ఈ అధ్యాయం చదివిన రోజు నాకు మా ఊరి కథలు గుర్తుకు వచ్చాయి, అప్పటి నుంచి కొలత అన్నది పొడి విషయమని నేను అనుకోలేదు.

స్వతంత్ర భారతంలో 1979 నాటి ప్రణాళికా సంఘపు కార్యదళం (టాస్క్ ఫోర్స్) గ్రామాలలో రోజుకు 2,400, పట్టణాలలో 2,100 కేలరీలను ఆధారంగా తీసుకుంది. 2009లో ఆర్థికవేత్త సురేశ్ టెండూల్కర్ కమిటీ కేలరీలను పక్కనపెట్టి గీతను మళ్లీ నిర్ణయించింది. ఆ పద్ధతి ప్రకారం 2011–12లో గ్రామాలలో నెలకు తలకు 816 రూపాయలు, పట్టణాలలో 1,000 రూపాయలు గీత అయింది, దాని కింద ఉన్నవారు 21.9 శాతం. సి. రంగరాజన్ అధ్యక్షతన వేసిన నిపుణుల బృందం 2014లో ఆ గీతను 972, 1,407 రూపాయలకు జరిపింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు గవర్నరుగా పనిచేసిన వారిగా ఆయన మనకు తెలిసినవారే. అదే 2011–12 సంవత్సరానికి అదే దేశంలో పేదలు 29.5 శాతమయ్యారు. మనుషులలో చూస్తే దాదాపు 27 కోట్ల నుంచి 36 కోట్లకు. ఒక్క ఇంటి పరిస్థితీ మారలేదు, గీత మాత్రమే జరిగింది.

ప్రపంచ బ్యాంకు గీత వేరు. 1990లో రోజుకు డాలరు అన్న మాటతో మొదలై, 2025 జూన్ నుంచి అది 3 డాలర్లు. అయితే ఇది బ్యాంకులో మార్చుకునే డాలరు కాదు. అక్కడ డాలరుకు వచ్చే సరుకు ఇక్కడ ఎన్ని రూపాయలకు వస్తుందో చూసి కట్టిన లెక్క. ఆ తేడా తెలియకపోవడం వల్ల పత్రికలలో ఎన్నో తప్పుడు లెక్కలు వస్తుంటాయి.

డబ్బును వదిలేసి చూసే కొలత ఇంకొకటి ఉంది. పోషణ, బడి, వంట ఇంధనం, మరుగుదొడ్డి, తాగునీరు, ఇల్లు వంటివి ఎన్నింటిలో లోటు ఉందో చూసే బహుముఖ పేదరిక సూచిక అది. నీతి ఆయోగ్ వాడే జాతీయ సూచికలో 12 అంశాలు ఉన్నాయి. దాని ప్రకారం పేదల వాటా 2015–16లో 24.85 శాతం, 2019–21లో 14.96 శాతం. ఈ తగ్గుదల నిజమైనదే. కానీ గ్యాసు సిలిండరు ఇంట్లో ఉండటం, అది ఏడాది పొడవునా నింపించుకోగలగడం ఒకటేనా అన్న ప్రశ్నను మీ అధ్యాపకులు తప్పక అడుగుతారు.

పేదరికం తగ్గితే చాలదా? అసమానతను వేరుగా ఎందుకు చదవాలి?

అందరూ గీత దాటినా, దాటినవారికీ పైవారికీ మధ్య దూరం పెరుగుతూ పోవచ్చు. ఆ దూరం బడి, ఆసుపత్రి, పోలీస్ స్టేషను, ఎన్నికల ఖర్చు అన్నింటినీ ప్రభావితం చేస్తుంది.

ఇక్కడ కూడా ఏమి కొలుస్తున్నామన్నదే ముఖ్యం. 2022–23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం, ఇళ్ల ఖర్చు ఎంత సమానంగా ఉందో చెప్పే గినీ గుణకం (సున్నా అంటే పూర్తి సమానత, ఒకటి అంటే పూర్తి అసమానత) గ్రామాలలో 0.266, పట్టణాలలో 0.314. ఈ అంకెలు చూస్తే భారతదేశం ప్రపంచంలో సమానత ఎక్కువగా ఉన్న దేశాలలో ఒకటిగా కనిపిస్తుంది. అదే సంవత్సరానికి ఫ్రెంచి ఆర్థికవేత్త తోమా పికెటీ బృందం పన్ను వివరాలను, సర్వేలను కలిపి వేసిన అంచనా ప్రకారం దేశ ఆదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం పై ఒక్క శాతం మంది చేతిలో ఉంది. మొదటిది ఖర్చు, రెండవది ఆదాయం, సంపద. కోటి సంపాదించినవారు కోటి ఖర్చు పెట్టరు, పైగా అటువంటి ఇంటి గేటు దాటి సర్వే ఉద్యోగి లోపలికి వెళ్లడం అరుదు. బెంగళూరులో కొన్ని లేఅవుట్ల సెక్యూరిటీ గేటు దగ్గర నిలబడి చూసినవారికి ఈ మాటలో అతిశయోక్తి లేదని తెలుస్తుంది.

కులం, స్త్రీపురుష భేదం, భూమి లేకుండా ఏ అసమానతా మన దేశంలో అర్థం కాదు. ఎంచుకునే కోర్సులో ఈ మూడింటికీ తగినంత చోటు ఉందో లేదో పాఠ్యప్రణాళిక చూసి నిర్ధారించుకోండి. ఉంటే ఐచ్ఛికంగా ఉందా, తప్పనిసరి పేపరుగా ఉందా అన్నది కూడా చూడండి.

"అంతర్జాతీయ అభివృద్ధి" అంటే విదేశీ సాయం గురించా?

కొంతవరకే. 1944 బ్రెటన్ వుడ్స్ సమావేశం నుంచి పుట్టిన ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్యనిధి, వాటి రుణాల షరతులు, వాణిజ్య నిబంధనలు, వలస, వాతావరణ మార్పు ఇందులో వస్తాయి. సంపన్న దేశాలు తమ జాతీయాదాయంలో 0.7 శాతం సాయంగా ఇవ్వాలని 1970లో ఐక్యరాజ్య సమితి తీర్మానించింది. చాలా దేశాలు ఆ లక్ష్యాన్ని ఇప్పటికీ చేరలేదు.

బెంగళూరులో ఎక్కడ చదవవచ్చు?

సర్జాపుర వైపున్న అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో రెండేళ్ల ఎం.ఏ. డెవలప్‌మెంట్ ఉంది, ఈ నగరంలో పేరుతో సహా ఇదే విషయానికి అంకితమైన కోర్సు అది. ప్రవేశ పరీక్ష, ఆ తరువాత ఇంటర్వ్యూ ఉంటాయి. నాగరభావిలోని నేషనల్ లా స్కూల్ రెండేళ్ల మాస్టర్స్ ఇన్ పబ్లిక్ పాలసీని 2014 నుంచి నడుపుతోంది. దానికి ఆ విశ్వవిద్యాలయమే ప్రత్యేక పరీక్ష పెడుతుంది. లా డిగ్రీ అక్కరలేదు. జ్ఞానభారతి ప్రాంగణంలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ విశ్వవిద్యాలయం ఎకనామిక్స్ వైపు మొగ్గేవారికి. నగరాల పేదరికం, గృహవసతి, రవాణాపై ఆసక్తి ఉన్నవారికి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హ్యూమన్ సెటిల్‌మెంట్స్ వారి అర్బన్ ఫెలోస్ కార్యక్రమం ఉంది, కానీ దానిని పీజీ డిగ్రీగా లెక్కించవద్దు.

నాగరభావిలోనే వి.కె.ఆర్.వి. రావు 1972లో స్థాపించిన ఇన్‌స్టిట్యూట్ ఫర్ సోషల్ అండ్ ఎకనామిక్ ఛేంజ్ ఉంది. అక్కడ ప్రధానంగా పీహెచ్.డీ. జరుగుతుంది. అయినా ఎం.ఏ. విద్యార్థులు ఆ సంస్థ గురించి తెలుసుకోవాలి, అక్కడి గ్రంథాలయంతో, సెమినార్లతో పరిచయం పెంచుకోవాలి.

చెన్నై వెళ్లడానికి సిద్ధపడితే ఐఐటీ మద్రాసులో డెవలప్‌మెంట్ స్టడీస్ ఎం.ఏ. ఉంది, మాల్కం ఆదిశేషయ్య 1971లో అడయారులో స్థాపించిన మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్ పరిశోధనకు పేరున్న చోటు.

నేను ఇంజినీరింగ్ చదివాను. చేర్చుకుంటారా? లెక్కలు రానివారి సంగతి ఏమిటి?

చేర్చుకుంటారు. ఈ కోర్సులలో చాలావాటికి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. ఇంజినీర్లకు నేను చెప్పే హెచ్చరిక ఒకటే: సమస్య కనిపించగానే పరిష్కారం వైపు పరుగెత్తే అలవాటును మొదటి ఏడాది అదుపులో పెట్టుకోవాలి. ఊళ్లో బోరు ఎండిపోవడం ఇంజినీరుకు నీటి సమస్యగా కనిపిస్తుంది. ఆ బోరు ఎవరి పొలంలో ఉంది, ఎవరి అప్పుతో వేశారు, పక్కవాడు ఎంత లోతుకు వేశాడు అన్నవి తరువాత కనిపిస్తాయి.

బి.ఏ. నుంచి వచ్చేవారికి గణాంకాల పేపరు భయం ఉంటుంది. సగటు, మధ్యగతం, విచలనం, సహసంబంధం, రిగ్రెషన్ వరకు నిదానంగా నేర్చుకుంటే చాలు. ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. జాతీయ నమూనా సర్వేల ఇంటింటి వివరాలను కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ వెబ్‌సైటు నుంచి, పేర్లు తొలగించిన రూపంలో, ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు.

నేను డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. నెగ్గుకురాగలనా?

ఈ ప్రశ్న అడిగేవారే ఎక్కువ, అడగడానికి మొహమాటపడేవారు ఇంకా ఎక్కువ. కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మొదటి సెమిస్టరు కష్టంగానే ఉంటుంది. వారానికి రెండు మూడు వందల పేజీల ఆంగ్లం చదవాలి. పక్కన కూర్చున్నవారు అనర్గళంగా మాట్లాడుతుంటే మనకు తెలిసిన విషయం కూడా నోటికి రాదు. నాకూ అంతే జరిగింది. చదివిన ప్రతి వ్యాసానికి ముందు తెలుగులో ఒక పేజీ సారాంశం రాసుకుని, తరువాత దానిని ఆంగ్లంలోకి మార్చుకునేవాడిని. రెండవ సెమిస్టరుకు ఆ మొదటి మెట్టు అవసరం తగ్గింది. భాష విషయంలో సహాయ తరగతులు ఉన్న సంస్థలు ఉన్నాయి, వాటిని వాడుకోవడానికి సిగ్గుపడవద్దు.

కానీ తెలుగు తెలిసి ఉండటం ఈ రంగంలో ఎంత పెద్ద బలమో చాలామందికి తెలియదు. నేను పనిచేసిన ఒక సర్వేలో అప్పుల ప్రశ్న దగ్గర, "వడ్డీ ఎంత?" అని అడిగితే, రైతులు "రెండు రూపాయలు" అన్నారు. బయటి నుంచి వచ్చిన బృందం దానిని ఏడాదికి 2 శాతంగా నమోదు చేసింది. మన ఊళ్లలో రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు, అంటే ఏడాదికి 24 శాతం అని మనలో ఎవరికైనా తెలుసు. వడ్డీ వ్యాపారి బ్యాంకు కంటే చౌకగా అప్పిస్తున్నాడని ఆ పట్టికలో తేలింది! అది సరిదిద్దడానికి వందలాది ఫారాలు మళ్లీ తిరగవేయవలసి వచ్చింది.

ఇంకొకటి. జాతీయ సర్వేలలో కుటుంబం అంటే సాధారణంగా కలిసి ఉంటూ ఒకే వంట తినేవారు. ఒకే కప్పు కింద ఇద్దరు అన్నదమ్ములు ఉండి, వేరుపడి రెండు పొయ్యిలు పెట్టుకుంటే అవి రెండు కుటుంబాలు. "మీ ఇంట్లో ఎంతమంది?" అని అడిగితే తొమ్మిది మంది అంటారు. "ఒక పొయ్యి మీద తినేవాళ్లు ఎంతమంది?" అని అడిగితే నలుగురు అంటారు. చేబదులుకూ అప్పుకూ, కౌలుకూ గుత్తకూ, జీతానికీ కూలికీ మధ్య ఉన్న తేడాలు తెలిసిన పరిశోధకుడి అంకెలు వేరుగా ఉంటాయి. ఆ తేడాలను ఆంగ్లంలో స్పష్టంగా వివరించగలగడమే మీరు రెండేళ్లలో సాధించవలసిన పని.

ఫీల్డ్‌వర్క్‌కు, డిసర్టేషన్‌కు (కోర్సులో రాసే పరిశోధన వ్యాసానికి) తెలుగు ప్రాంతాలను ఎంచుకోవచ్చా?

ఎంచుకోవచ్చు, ఎంచుకోవాలనే నా కోరిక. ప్రపంచంలో అభివృద్ధి పరిశోధన ఎక్కువగా జరిగిన ప్రాంతాలలో మనది ఒకటి, ఆ సంగతి మన పిల్లలకే తెలియకపోవడం బాధ కలిగిస్తుంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో మహబూబ్‌నగర్ జిల్లా అవురుపల్లి, దోకూరు గ్రామాలలోనూ మహారాష్ట్ర గ్రామాలలోనూ ఇంటింటి వివరాలు సేకరించడం మొదలుపెట్టింది. వానలు లేని ఏడాది రైతు కుటుంబాలు ఎలా గట్టెక్కుతాయన్న విషయంపై ప్రపంచ విశ్వవిద్యాలయాలలో చదివే సిద్ధాంతాలలో కొన్ని ఆ లెక్కల మీదే నిలిచాయి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో దాదాపు 3,000 మంది పిల్లల జీవితాలను అనుసరిస్తోంది. ఫౌండేషన్ ఫర్ అగ్రేరియన్ స్టడీస్ తన గ్రామ అధ్యయనాలను 2005–06లో గుంటూరు జిల్లా అనంతవరం, అనంతపురం జిల్లా బుక్కచెర్ల, కరీంనగర్ జిల్లా కొత్తపల్లెలతో మొదలుపెట్టింది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న ప్రారంభమైనది అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే.

ఊరికి వెళ్లకుండా బెంగళూరులోనే చేయదగిన పని కూడా ఉంది. హిందూపురం వైపు నుంచి తెల్లవారుజామున రైలెక్కి వచ్చేవారు, కదిరి, మడకశిర, కర్నూలు పల్లెల నుంచి వచ్చి నిర్మాణ స్థలాల పక్కన రేకుల షెడ్లలో ఉండేవారు తెలుగే మాట్లాడతారు. సర్వే ఉద్యోగి ఊరికి వెళ్లిన రోజున వారి ఇంటికి తాళం కనిపిస్తుంది, నగరంలో వారి షెడ్డుకు ఇంటి నంబరు ఉండదు. గ్రామం గీతతో కొలిస్తే గట్టెక్కినట్టు కనిపించే కూలీ, ఇక్కడి అద్దె, బియ్యం, పిల్లల బడి లెక్కలో ఎక్కడ ఉంటాడో తేల్చే మంచి డిసర్టేషన్ ఎవరైనా రాయాలని ఎదురుచూస్తున్నాను. షెడ్డులోకి వెళ్లి ప్రశ్నలు అడిగే ముందు అనుమతి తీసుకోండి. వారి ఒక్క గంట విశ్రాంతిని మీరు తీసుకుంటున్నారని మరవకండి, మేస్త్రీ లేదా కాంట్రాక్టరు పక్కన నిలబడి ఉండగా కూలి గురించి అడగకండి.

రాండమైజ్డ్ ప్రయోగాలు తెలియకపోతే ఉద్యోగాలు రావంటారు. నిజమా?

కొన్ని సంస్థలలో నిజం. ఔషధాలను పరీక్షించినట్టే, లాటరీ పద్ధతిలో కొన్ని ఊళ్లకు పథకం ఇచ్చి, కొన్నింటికి తరువాత ఇచ్చి, తేడా చూడటం ఈ పద్ధతి. దీనిని ముందుకు తెచ్చినందుకు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో, మైకేల్ క్రెమర్‌లకు 2019లో నోబెల్ వచ్చింది. హైదరాబాదులో 104 పేద బస్తీలను తీసుకుని, లాటరీలో వచ్చిన సగం బస్తీలలో ముందుగా సూక్ష్మరుణ శాఖలు తెరిపించి చేసిన అధ్యయనంలో, రుణాలు కొందరికి వ్యాపారం పెట్టడానికి ఉపయోగపడ్డాయి కానీ మొత్తం మీద కుటుంబ వినియోగం, ఆరోగ్యం, పిల్లల చదువు గణనీయంగా మారలేదని తేలింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలి, పింఛన్లను స్మార్ట్‌కార్డుతో ఇవ్వడంపై 157 మండలాలలో జరిగిన అధ్యయనంలో చెల్లింపులు వేగవంతమయ్యాయని, దారిలో జారిపోయే సొమ్ము తగ్గిందని కనిపించింది.

ఈ పద్ధతి ఒక పథకం పనిచేసిందా అని చక్కగా చెబుతుంది. ఎందుకు పనిచేసిందో, ఇంకొక రాష్ట్రంలో పనిచేస్తుందో చెప్పడంలో తడబడుతుంది. 2010లో మన రాష్ట్రంలో సూక్ష్మరుణ వసూళ్ల ఒత్తిడి ఆర్డినెన్సు దాకా వెళ్లిన తీరును అర్థం చేసుకోవాలంటే, వాయిదా కట్టలేని ఆడమనిషి మీద గ్రూపులోని మిగతావారి ఒత్తిడి ఎలా పనిచేస్తుందో ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని వినాలి. రెండూ నేర్చుకోండి.

దరఖాస్తుతో పంపే వ్యాసంలో ఏమి రాయాలి?

"చిన్నప్పటి నుంచి పేదలకు సేవ చేయాలని కోరిక" అని రాయకండి. చదివేవారు ఆ వాక్యాన్ని అదే రోజు ఎన్నోసార్లు చదివి ఉంటారు. మీరు కళ్లారా చూసిన ఒక విషయాన్ని తీసుకోండి: మీ వీధి రేషను దుకాణంలో వేలిముద్ర పడక వెనక్కి వెళ్లిన ముసలాయన, మీ అత్తగారి ఊళ్లో వేరుశనగ మానేసి దానిమ్మ వేసినవారు, డ్వాక్రా గ్రూపు అప్పు తీర్చడానికి బయట చేసిన అప్పు. అక్కడ మీకు అర్థం కానిది ఏమిటో రాయండి. అర్థం కాని విషయాన్ని స్పష్టంగా చెప్పగలిగినవారికే పరిశోధకులయ్యే లక్షణం ఉందని ఇంటర్వ్యూ చేసేవారు గుర్తిస్తారు. కుటుంబ కష్టాలు రాస్తే తప్పులేదు, వాటిని జాలి కోసం రాయనక్కరలేదు.

ఫీజు, స్కాలర్‌షిప్ సంగతి ఏమిటి?

ప్రైవేటు విశ్వవిద్యాలయాల ఫీజు పేద, మధ్యతరగతి కుటుంబాలకు భారమే. అయితే అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంలో కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులోనూ వసతిలోనూ రాయితీ ఇస్తారు, కొందరికి అది పూర్తి మాఫీ వరకు వెళుతుంది. ఫీజు అంకె చూసి దరఖాస్తే పెట్టకుండా మానుకోకండి. మీ సొంత రాష్ట్రపు ఫీజు రీయింబర్స్‌మెంటును నమ్ముకుని కర్ణాటకలో చేరకండి. మీ జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో ఆ కోర్సు పేరు చెప్పి, వర్తిస్తుందని రాతపూర్వకంగా తీసుకున్న తరువాతే లెక్కలోకి తీసుకోండి.

ఖర్చు తక్కువగా ఉండాలంటే హైదరాబాద్ విశ్వవిద్యాలయం వంటి కేంద్ర విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. వాటికి సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి.

విదేశాలలో చదవడం మేలా?

ససెక్స్‌లోని ఐడీఎస్, లండన్‌లోని సోయాస్, ఎల్.ఎస్.ఈ., మాంచెస్టర్, హేగ్‌లోని ఐఎస్ఎస్ ఈ రంగంలో పేరున్నవి. బ్రిటన్‌లో ఎం.ఎస్సీ. ఒక్క ఏడాదే. ఆ ఏడాదికి అప్పు చేసి వెళ్లవద్దని నా గట్టి సలహా, ఎందుకంటే ఈ రంగంలో మొదటి ఉద్యోగపు జీతంతో ఆ అప్పు తీరదు. స్కాలర్‌షిప్‌తో వెళ్లగలిగితే తప్పక వెళ్లండి. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్‌కు 2,800 గంటల పని అనుభవం కావాలి. కామన్‌వెల్త్, ఫెలిక్స్, ఎరాస్మస్ ముండస్ వంటివి ఉన్నాయి. షెడ్యూల్డ్ కులాలు, సంచార విముక్త జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలకు కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయలు మించకూడదు. దీని గురించి మన పల్లెలలో తెలిసినవారు చాలా తక్కువ, కనుక తెలిసినవారు నలుగురికి చెప్పాలి.

చదివాక ఉద్యోగాలు ఎలా ఉంటాయి?

నిజం చెప్పాలంటే ఐటీ జీతాలతో పోల్చవద్దు. పరిశోధన సంస్థలలో రీసెర్చ్ అసోసియేట్‌లు, స్వచ్ఛంద సంస్థల కార్యక్రమాల నిర్వహణ, రాష్ట్ర ప్రభుత్వాల జీవనోపాధి మిషన్లు, ఫౌండేషన్లు, కంపెనీల సీఎస్ఆర్ విభాగాలు ప్రధాన దారులు. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్దిష్ట స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత పనులపై ఖర్చు చేయాలి కాబట్టి బెంగళూరులో ఈ చివరి దారిలో అవకాశాలు ఎక్కువ.

గడ్డు వార్తలు కూడా చెప్పాలి. 2020లో ఎఫ్.సి.ఆర్.ఏ. (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) సవరణ విదేశీ విరాళాలలో పరిపాలన ఖర్చుల పరిమితిని 50 నుంచి 20 శాతానికి తగ్గించింది, ఒక సంస్థ తనకు వచ్చిన సొమ్మును ఇంకొక చిన్న సంస్థకు ఇవ్వడాన్ని ఆపేసింది. జిల్లాలలో పనిచేసే చిన్న సంస్థలే ఎక్కువ దెబ్బతిన్నాయి. 2025లో అమెరికా తన విదేశీ సాయం సంస్థ యూఎస్ఎయిడ్‌ను మూసివేయడంతో ప్రపంచమంతటా ఈ రంగంలో నియామకాలు తగ్గాయి. ఐక్యరాజ్య సమితి ఉద్యోగం మొదటి మెట్టు అనుకోకండి. అక్కడి వృత్తిపర ఉద్యోగాలకు సాధారణంగా మాస్టర్స్‌తో పాటు కనీసం రెండేళ్ల అనుభవం అడుగుతారు.

సర్వే రూపకల్పన, డేటా విశ్లేషణ, తెలుగు, కన్నడం, స్పష్టమైన ఆంగ్ల రచన కలిపి వచ్చినవారు ఖాళీగా కూర్చోవడం నేను చూడలేదు.

సివిల్స్‌కు ఇది ఉపయోగపడుతుందా?

జనరల్ స్టడీస్‌కూ వ్యాసానికీ ఉపయోగపడుతుంది. సివిల్స్ కోసమే చేరాలనుకుంటే మాత్రం వద్దు. ఫీల్డ్‌వర్క్, డిసర్టేషన్ ఒకవైపు, కోచింగ్ ఇంకొకవైపు లాగితే రెండూ నష్టపోతాయి.

నెట్, పీహెచ్.డీ. వైపు వెళ్లాలంటే?

అధ్యాపకులకు, పరిశోధకులకు పెట్టే అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌లో డెవలప్‌మెంట్ స్టడీస్‌కు వేరే పేపరు లేదు. అది ఎకనామిక్స్ పేపరులోనే కలిసి ఉంది. ఎకనామిక్స్ పునాది బలంగా లేని ఎం.ఏ. చేసినవారు ఇక్కడ ఆలస్యంగా తెలుసుకుని ఇబ్బందిపడతారు. మొదటి ఏడాది నుంచే సూక్ష్మ, స్థూల అర్థశాస్త్రం పక్కన చదువుకోండి. అందులో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది.

చేరేలోగా నేను ఏమి చేయవచ్చు?

గృహ వినియోగ వ్యయ సర్వే ప్రశ్నావళిని దించుకుని మీ ఇంటికే నింపండి. నూనె, కూరగాయలు, గుడ్లు, మాంసం, పండ్లకు గత 7 రోజులు; బియ్యం, పప్పులు, అద్దె వంటివాటికి 30 రోజులు; బట్టలు, చెప్పులు, చదువు, ఆసుపత్రిలో చేరిన ఖర్చు, ఇంటి సామానుకు 365 రోజుల లెక్క అడుగుతారు. ముందు మీరు ఒక్కరే నింపి, తరువాత మీ అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని అదే ఫారం మళ్లీ నింపండి. రెండు ఫారాలలో అంకెలు ఎక్కడెక్కడ తేడా వచ్చాయో, ఆ తేడా ఎందుకు వచ్చిందో ఒక పేజీ రాసుకోండి. పెరట్లో కాసిన బీరకాయలకు, చుట్టాలు తెచ్చిన బియ్యానికి ఏ ధర వేయాలో ఇద్దరూ కలిసి తేల్చుకోండి. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు ఆ పేజీ మీ దగ్గర ఉంటే, అడిగేవారికి మీతో మాట్లాడటానికి చాలా విషయం దొరుకుతుంది.